కొలరాడో అవలాంచ్ ఫోర్‌కాస్ట్: రంగు చూసి మూసేస్తే సగం సర్వీసు వదిలేసినట్టే

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో చలికాలం కొండల్లోకి వెళ్ళేవాళ్ళకి పైసా కట్టకుండా దొరికే సర్వీసుల్లో అన్నిటికన్నా విలువైనది కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ రోజూ ఇచ్చే ఫోర్‌కాస్ట్. అందరూ సీఏఐసీ అనే పిలుస్తారు. అవలాంచ్ అంటే కొండవాలు మీద మంచు తెగి కిందికి జారడం, మంచుచరియ. ఎక్కడ ఆ ప్రమాదం ఎంత ఉందో ఈ పేజీ చెప్తుంది. సమాచారం నాణ్యతకి ఐదుకి ఐదు ఇవ్వొచ్చు. కొత్తవాళ్ళకి అర్థమయ్యే తీరుకి మాత్రం మూడున్నర దాటదు. ఆ ఒకటిన్నర ఎక్కడ తగ్గిందో తెలుసుకుంటే సర్వీసు పూర్తి ప్రయోజనం మీకు అందుతుంది.

ఇది ప్రైవేటు యాప్ కాదు. 1983 నుంచి రాష్ట్ర సహజ వనరుల శాఖలో భాగంగా నడుస్తోంది. రాష్ట్ర నిధులు, రవాణా శాఖతో ఒప్పందం, దాతల విరాళాలు, వీటన్నిటితో బండి నడుస్తుంది. 2021లో శాసనసభ చేసిన చట్టం ప్రకారం 2023 నుంచి బండి రిజిస్ట్రేషన్‌తో పాటు 29 డాలర్ల కీప్ కొలరాడో వైల్డ్ పాస్ (స్టేట్ పార్కుల ప్రవేశ పాస్) ఫీజు కలుస్తోంది. ఆ డబ్బులో స్టేట్ పార్కుల వాటా పోయాక 25 లక్షల డాలర్ల వరకు సెర్చ్ అండ్ రెస్క్యూ వాలంటీర్లకు, 10 లక్షల డాలర్ల వరకు అవలాంచ్ సెంటర్‌కు వెళ్ళాలని చట్టంలోనే ఉంది. వద్దంటే ఆ 29 డాలర్లు తీసేయించుకోవచ్చు. కొండల్లోకి వెళ్ళేవాళ్ళు మాత్రం ఉంచుకోవడమే న్యాయం.

ముందు ఇది ఎవరికోసమో చూద్దాం. స్కీ రిసార్టు హద్దుగా కట్టిన తాళ్ళ లోపల, తెరిచి ఉన్న రన్‌ల మీద ఉన్నంతసేపు అక్కడి స్కీ పట్రోల్ (గస్తీ) వాళ్ళే పేలుడు పదార్థాలతో మంచును ముందే దించేసి చూసుకుంటారు. ఆ ప్రాంతానికి ఈ ఫోర్‌కాస్ట్ వర్తించదు. తాడు దాటి బయటికి వెళ్ళారా, బెర్తూడ్ పాస్ (కనుమ) దగ్గర మంచులో దిగబడకుండా బూట్లకి స్నోషూలు కట్టుకుని నడిచారా, లవ్‌లాండ్ పాస్ మీద కారు ఆపి పిల్లల్ని మంచు వాలు మీద జారనిచ్చారా, అప్పుడిది మీకోసమే. స్కీయింగ్ రానివాళ్ళకి అవలాంచ్‌తో పనేమిటి అనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. స్నోషూలతో నడిచేవాళ్ళు కూడా ఇందులో చనిపోయారు.

ఎప్పుడు, ఎలా చదవాలి

సీజన్‌లో రోజూ సాయంత్రం 4:30కి మరుసటి రోజు ఫోర్‌కాస్ట్ వస్తుంది. యూటా సెంటర్ వాళ్ళు పొద్దున్నే ఇస్తారు. సాయంత్రం రావడం వల్ల రాత్రే ప్లాన్ వేసుకోవచ్చు, తోటివాళ్ళతో మాట్లాడుకుని దారి మార్చుకోవచ్చు. చిక్కల్లా రాత్రి గాలి అనుకున్నదానికన్నా గట్టిగా వీచినప్పుడే. అందుకే బయల్దేరే ముందు పొద్దున ఇంకోసారి తెరిచి అప్‌డేట్ ఉందేమో చూడాలి. మీరు వెళ్ళే చోటికి దగ్గర్లో ఉన్న వెదర్ స్టేషన్‌లో గాలి వేగం కూడా చూడాలి. గంటకు 15, 20 మైళ్ళు దాటిన గాలి వదులుగా ఉన్న మంచును శిఖరం దాటించి అవతలి వాలు మీద పేరుస్తుంది. ఆకాశం నుంచి ఒక్క రేకు పడకపోయినా అక్కడ జారడానికి సిద్ధంగా కొత్త మంచు పలక తయారైపోతుంది.

పేజీ తెరవగానే కనపడేది రంగు. ప్రమాదానికి ఐదు స్థాయిలు: ‘లో’ (తక్కువ) ఆకుపచ్చ, మోడరేట్ (ఓ మాదిరి) పసుపు, కన్సిడరబుల్ (గణనీయం) నారింజ, హై ఎరుపు, ఎక్స్‌ట్రీమ్ నలుపు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఐదులో మూడు అంటే మధ్యస్థం అనుకుంటారు. అది తప్పు. కన్సిడరబుల్ అంటే మంచు తనంతట తాను జారే అవకాశం ఉంది, మనిషి కాలు పెడితే జారడానికి బాగా అవకాశం ఉంది అని అర్థం. మెట్టు మెట్టుకీ ప్రమాదం సమానంగా పెరగదు, ఒక్కో మెట్టుకి రెట్లలో పెరుగుతుంది. ప్రాణాలు ఎక్కువగా పోయేది కూడా ఈ నారింజ రోజుల్లోనే. ఎరుపు చూసి జనం ఇంట్లో ఉంటారు. నారింజ రోజున ఆకాశం నీలంగా ఉంటుంది, మంచు బాగుంటుంది, ధైర్యం వస్తుంది.

రంగు కిందే ఒక్కో ఎత్తుకి వేరే స్థాయి ఉంటుంది: చెట్ల గీతకు పైన, చెట్ల గీత దగ్గర, దాని కింద. కొలరాడోలో చెట్లు ఆగిపోయేది సుమారు 11,500 అడుగుల దగ్గర. పైన కన్సిడరబుల్, కింద ‘లో’ అని ఉంటే మీ దారి పూర్తిగా అడవిలోనే ఉందా, మీ తలపైన పెద్ద వాలు ఏదైనా ఉందా అన్నది తేల్చుకోవాలి. కింద నడుస్తున్నవాళ్ళ మీదకి పైనుంచి దిగే మంచు ఆ చెట్ల గీత దగ్గర ఆగదు.

అసలు సరుకు ఆ తర్వాతి భాగంలో ఉంది. దాన్ని అవలాంచ్ ప్రాబ్లమ్ అంటారు. మొత్తం తొమ్మిది రకాలు. అన్నీ కంఠస్థం చేయక్కర్లేదు. ముందుగా మూడు తెలిస్తే మీ నిర్ణయాలు మారిపోతాయి.

విండ్ స్లాబ్: గాలి పేర్చిన పలక. కంటికి కనపడుతుంది. ఉబ్బినట్టు నున్నగా ఉంటుంది, కాలు వేస్తే డొల్ల చప్పుడు వస్తుంది. శిఖరాల వెనక వైపు, గండ్ల అంచుల్లో ఉంటుంది. కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. పక్కకి తప్పుకుని వెళ్ళొచ్చు.

వెట్ లూస్: వసంతంలో ఎండకి తడిసి వదులైన మంచు. మంచు మీద చిన్న చిన్న ఉండలు తమంతట తాము దొర్లుతుంటే, బూటు చీలమండ దాకా దిగబడుతుంటే అదే సంకేతం. పొద్దున్నే గట్టిగా గడ్డకట్టి ఉన్నప్పుడు ఎక్కి, మెత్తబడేలోపు దిగిపోతే చాలావరకు తప్పించుకోవచ్చు.

పర్సిస్టెంట్ స్లాబ్: కొలరాడోలో ప్రాణాలు తీసేది ఎక్కువగా ఇదే. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

అక్టోబర్, నవంబర్‌లలో పడ్డ మంచు పలచగా ఉంటుంది. నేల దగ్గర ఉష్ణోగ్రత సున్నా చుట్టూ ఉంటుంది. పైన రాత్రి మైనస్ 12 డిగ్రీలు అనుకుందాం. మంచు మందం 40 సెంటీమీటర్లయితే ప్రతి 10 సెంటీమీటర్లకి 3 డిగ్రీల తేడా. ఆ తేడా ఒక డిగ్రీ దాటితే చాలు, కింది రేణువుల నుంచి ఆవిరి పైకి లేచి కొత్త రూపంలో గడ్డకడుతుంది. రేణువుల మధ్య పట్టు పోయి, పారతో తీసి చేతిలో వేసుకుంటే గరుకు పంచదారలా వేళ్ళ మధ్య నుంచి జారిపోతుంది. పిండి ఉండ చేద్దామన్నా చేతికి అంటదు. అదే చలిలో మంచు 2 మీటర్ల మందం ఉంటే తేడా 0.6 డిగ్రీలే, ఇది జరగదు. పసిఫిక్ తీరం వైపు మందంగా మంచు పడే కొండల్లో ఈ సమస్య తక్కువ కావడానికీ, కొలరాడో కొండల్లో ఎక్కువ కావడానికీ కారణం ఈ లెక్కే. 1950 నుంచి చూస్తే అమెరికాలో అవలాంచ్ మరణాలు ఎక్కువ జరిగిన రాష్ట్రం కొలరాడో.

ఈ బలహీనమైన పొర మీద డిసెంబర్, జనవరి తుపానుల మంచు పలకలా పేరుకుంటుంది. పైకి గట్టిగా కనిపిస్తుంది. మీ ముందు పదిమంది నడిచినా ఏమీ కాదు. పలక పలచగా ఉన్న చోట, ఒక బండరాయి పక్కన, పదకొండోవాళ్ళ కాలు పడితే లోపలి పొర కుప్పకూలి ఆ పగులు వాలంతా పాకుతుంది. మీరు చదునైన చోట నిలబడి ఉన్నా పై వాలు తెగి రావచ్చు. పాత అడుగుల జాడలు చూసి సురక్షితం అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. ఈ ప్రాబ్లమ్ వారాలు, కొన్నిసార్లు నెలలు ఉంటుంది. దీనికున్న మందు ఒక్కటే: 30 డిగ్రీల కన్నా తక్కువ వాలు మీద ఉండటం, అంతకన్నా ఏటవాలైన దాని కింద ఉండకపోవడం. ఫోర్‌కాస్ట్‌లో మోడరేట్ అని ఉన్నా ప్రాబ్లమ్ పర్సిస్టెంట్ స్లాబ్ అయితే, విండ్ స్లాబ్ ఉన్న కన్సిడరబుల్ రోజుకన్నా దాన్ని పసిగట్టడం కష్టం.

ఒక్కో ప్రాబ్లమ్ పక్కన గుండ్రటి బొమ్మ ఉంటుంది. ఎనిమిది దిక్కులు, మూడు ఎత్తులు, మొత్తం 24 గదులు. మధ్యలోది అన్నిటికన్నా ఎత్తైన భాగం, బయటి వలయం కిందిది. రంగు నిండిన గదుల్లో ఆ ప్రాబ్లమ్ ఉన్నట్టు. ఇక్కడ కొత్తవాళ్ళు పదేపదే చేసే తప్పు ఒకటుంది. వాలు దిక్కు అంటే ఎక్కుతున్నప్పుడు మీ ముఖం ఉన్న దిక్కు కాదు. వాలుకి వీపు చేసి కిందికి చూస్తే కనిపించే దిక్కు. ఉత్తరం వాలు మీద ఎక్కుతూ దక్షిణం వైపు ముఖం పెట్టి, ఇది దక్షిణం వాలు అనుకుంటే బొమ్మను తలకిందులు చదివినట్టే. ఫోన్ కంపాస్‌ను వాలు కిందివైపు తిప్పి చూసుకోండి.

తర్వాత సైజు. లార్జ్ అంటే మనిషిని పూడ్చి చంపగలది. వెరీ లార్జ్ అంటే కారుని పూడ్చి, చిన్న ఇంటిని కూల్చగలది. స్మాల్ అని ఉన్నా కింద ఇరుకు లోయో, కొండ అంచో ఉంటే అదే చాలు. ఇవన్నీ చూశాక కాల్‌టోపో లాంటి మ్యాప్‌లో వాలు కోణం రంగులు వేసి మీ దారి మీద పెట్టుకోండి. 30 నుంచి 45 డిగ్రీల మధ్యే మంచుచరియలు ఎక్కువగా తెగుతాయి. మ్యాప్‌లో చిన్న చిన్న గట్లు కనిపించవు కాబట్టి అక్కడికి వెళ్ళాక కోణం కొలిచే చిన్న పరికరంతో సరిచూసుకోవాలి.

ఎక్కడ తక్కువైంది

2022–23 సీజన్‌కి ముందు రాష్ట్రం పది స్థిరమైన జోన్లుగా ఉండేది. ఇప్పుడు ఆ గీతలు లేవు. ప్రమాదం తీరు ఒకేలా ఉన్న ప్రాంతాలను కలిపి రోజూ కొత్తగా హద్దులు గీస్తారు. ఫోర్‌కాస్టర్ కోణంలో ఇది చాలా మెరుగు. ఒక కొండ వరసలో ఉత్తర భాగానికి తుపాను తగిలి దక్షిణ భాగానికి తగలకపోతే, రెండిటికీ ఒకే మాట చెప్పాల్సిన పని లేదు. వాడేవాళ్ళకి మాత్రం పేరు గుర్తుపెట్టుకుని చూసే అలవాటు పోయింది. నిన్న మీ దారి ఉన్న హద్దు ఇవాళ రెండు ముక్కలై ఉండొచ్చు. మ్యాప్ మీద మీరు వెళ్ళే ఖచ్చితమైన చోటే నొక్కాలి. దారి రెండు హద్దుల్లో పడితే రెండూ చదివి, కఠినమైనదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

రెండో లోపం సమాచారం అసమానంగా ఉండటం. జనం ఎక్కువగా తిరిగే పాస్‌ల నుంచి ఫీల్డ్ రిపోర్టులు బోలెడు వస్తాయి. మనుషులు తక్కువ వెళ్ళే కొండల నుంచి వారంలో ఒకటీ అరా. రెండు చోట్లా పేజీ ఒకేలా, అంతే నమ్మకంగా కనిపిస్తుంది. ఫోర్‌కాస్ట్ కింద అబ్జర్వేషన్లు (ఆ రిపోర్టులే) తెరిచి, మీ ప్రాంతం నుంచి గత మూడు రోజుల్లో ఏమైనా వచ్చాయా చూడండి. రాలేదంటే ఇంకో అడుగు వెనక్కి వేయండి. పైగా ఫోర్‌కాస్ట్ వందల చదరపు మైళ్ళకి చెప్పేది. మీ ముందున్న ఒక్క గండి గురించి అది చెప్పలేదు. అక్కడ చూడాల్సినవి మీరే చూడాలి: ఈమధ్య తెగిన మంచు, కాలి కింద దభీమన్న చప్పుడు, మీ స్కీ ముందు పరిగెత్తే పగుళ్ళు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెనక్కి తిరగాలి.

రోడ్ల మీద పని

సర్వీసులో బయటికి అంతగా తెలియని సగం ఇది. 1992 మార్చిలో రెడ్ మౌంటెన్ పాస్ మీద ఈస్ట్ రివర్‌సైడ్ అనే చోట మంచుచరియ దిగి రాష్ట్ర రవాణా శాఖ ఉద్యోగులిద్దరిని కప్పేసింది. రోడ్డు మీద మంచు తోసే స్నోప్లౌ బండి దగ్గర కిందికి దిగి పని చేస్తున్నప్పుడు జరిగింది. ఒకరు చనిపోయారు, ఇంకొకరు దాదాపు 18 గంటలు తవ్వుకుని బయటపడ్డారు. ఆ తర్వాతే, 1993 నుంచి, హైవేల కోసం ప్రత్యేక ఫోర్‌కాస్టర్లు వచ్చారు. రాష్ట్ర రోడ్ల మీదకి దిగగల అవలాంచ్ దారులు 522 గుర్తిస్తే, రవాణా శాఖ క్రమం తప్పకుండా గమనించేవి, ముందే దించేవి 278. రోడ్డు ఎప్పుడు మూయాలో సలహా ఫోర్‌కాస్టర్‌ది, నిర్ణయం రవాణా శాఖది. 2019 మార్చిలో చరిత్రలో లేనంతగా మంచుచరియలు దిగినప్పుడు ఐ-70 టెన్‌మైల్ కాన్యన్‌లో కార్ల మీదకి మంచు వచ్చింది, అదే నెలలో రెడ్ మౌంటెన్ పాస్ వారాల తరబడి మూతపడింది.

కారులో వెళ్ళేవాళ్ళు పాటించాల్సింది కొంచెమే. బయల్దేరే ముందు రవాణా శాఖ రోడ్ల సమాచార సైటు కోట్రిప్ చూడండి. అవలాంచ్ ప్రాంతం, ఆగవద్దు అన్న బోర్డు ఉన్నచోట ఫోటోకి కూడా ఆపకండి. ముందు రోడ్డు మూసి ఉంటే వరసలో నిలబడే చోటు ఆ బోర్డుల మధ్యన కాకుండా చూసుకోండి.

ఈ సర్వీసు నిలవాలంటే

రాష్ట్ర శాసనసభల్లో అవలాంచ్ అవగాహన మీద మాట్లాడటం తేలిక, అందరూ ఒప్పుకుంటారు. ప్రభుత్వ ఉద్యోగాల వర్గీకరణ మీద బిల్లు వస్తే ఎవరూ తలెత్తి చూడరు. కానీ ఈ సర్వీసు వాడేవాళ్ళు రెండోదాన్నే ఎక్కువ శ్రద్ధగా చూడాలి. అవగాహన ప్రచారం చివరికి చెప్పేది ఫోర్‌కాస్ట్ చదవమనే. ఆ ఫోర్‌కాస్ట్ రాసేది మంచులో గొయ్యి తవ్వి పొరలు చూసే మనిషి, అతను నిలవాలంటే ఉద్యోగం నిలకడగా ఉండాలి.

కొలరాడోలో శాశ్వత ఉద్యోగులు రాజ్యాంగం పన్నెండో అధికరణంలోని పర్సనెల్ సిస్టమ్ కింద క్లాసిఫైడ్‌గా ఉంటారు. తాత్కాలిక నియామకానికి గరిష్ఠ గడువు ఏడాదిలో ఆరు నెలలు ఉండేది. 2012లో ఓటర్లు ఆమోదించిన అమెండ్‌మెంట్ ఎస్‌తో తొమ్మిది నెలలైంది. అవలాంచ్ సీజన్ నవంబర్ నుంచి మే దాకా, ఏడు నెలలు. ఆరు నెలల తాత్కాలిక పోస్టుతో సీజన్ నిండదు, తొమ్మిది నెలలదైతే నిండుతుంది. అయినా అది ఏటా తెగిపోయే ఉద్యోగమే. ఫెడరల్ వైపు ఫారెస్ట్ సర్వీస్‌లో తాత్కాలిక సీజనల్ ఉద్యోగానికి ఏడాదికి 1,039 గంటల హద్దు ఉంటుంది. వారానికి 40 గంటల లెక్కన అది 26 వారాలే. తుపానుల వారాల్లో 60 గంటలు పని చేస్తే ఇంకా ముందే అయిపోతుంది.

2020లో వచ్చిన చట్టం రాష్ట్ర క్లాసిఫైడ్ ఉద్యోగులకు సంఘంగా బేరమాడే హక్కు ఇచ్చింది. అంటే పోస్టు ఏ వర్గంలో ఉందన్న దాని మీద జీతం మెట్టు ఒక్కటే కాదు, తొలగింపు నుంచి రక్షణ, మాట్లాడే హక్కు కూడా ఆధారపడి ఉన్నాయి. ఈ పనికి ఆఫీసు కుర్చీ వర్ణన సరిపోదు. వేకువన రోడ్డు మీద గాలి కొలవాలి, వాలు మీద మంచు పరీక్ష చేయాలి, పేలుడు పదార్థాలతో పనిచేసే బృందానికి సరే అని చెప్పాలి. ఇవన్నీ ఉద్యోగ వర్ణనలో లేకపోతే దానికి తగ్గ క్లాస్ రాదు, అనుభవమున్నవాళ్ళు నిలవరు. ఒక లోయలో నవంబర్ పొర ఎక్కడ దాగి ఉందో, ఏ గాలికి ఏ దారి తెగుతుందో పది సీజన్లు చూసినవాళ్ళకి తెలిసినంతగా కొత్తగా వచ్చినవాళ్ళకి తెలియదు. ఆ లోటు ఫోర్‌కాస్ట్ రంగులో కనపడదు.

ఫోర్‌కాస్ట్‌తో పాటు కావలసినవి

2020–21 సీజన్‌లో అమెరికాలో 37 మంది మంచుచరియల్లో చనిపోయారు. వాళ్ళలో 12 మంది కొలరాడోలోనే. 2024లో వెలువడిన స్విస్ అధ్యయనం ప్రకారం పూడిపోయినవాళ్ళని తొలి 10 నిమిషాల్లో తీస్తే పదిలో తొమ్మిది మంది బతుకుతున్నారు. అంతకుముందు ఆ గడువు ఇంకాస్త ఎక్కువ అనుకునేవారు. ఈలోపు బయటివాళ్ళు ఎవరూ చేరుకోలేరు. మీ పక్కన ఉన్నవాళ్ళే తీయాలి.

అందుకు ప్రతి ఒక్కరికీ మూడు వస్తువులు కావాలి. ట్రాన్స్‌సీవర్ (పూడిపోయినవాళ్ళ జాడ రేడియో సంకేతంతో పట్టిచ్చేది) 457 కిలోహెర్ట్జ్‌ది, మూడు యాంటెన్నాలది. ప్రోబ్ (మంచులో గుచ్చి మనిషిని వెతికే పొడవాటి కర్ర) కనీసం 240 సెంటీమీటర్లది. పార లోహంది, ప్లాస్టిక్‌ది గట్టిపడ్డ మంచులో వంగిపోతుంది. బయల్దేరే చోట ట్రాన్స్‌సీవర్లు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఒకరు సెర్చ్‌లో పెట్టి నిలబడి, మిగతావాళ్ళు సెండ్‌లో ఒక్కొక్కరుగా దాటాలి. ఫోన్ సెండ్‌లో 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి. బ్యాటరీలు తయారీదారు చెప్పిన రకమే వేయండి. ఛార్జ్ చేసే బ్యాటరీల్లో మిగిలిన శాతం చాలా ట్రాన్స్‌సీవర్లు తప్పుగా చూపిస్తాయి. తవ్వేటప్పుడు ప్రోబ్ తగిలిన చోట నేరుగా కిందికి కాకుండా, లోతుకి ఒకటిన్నర రెట్లు దిగువన మొదలుపెట్టి అడ్డంగా లోపలికి తవ్వాలి.

ఉచితంగా మొదలుపెట్టాలంటే నో బిఫోర్ యు గో కార్యక్రమం సరిపోతుంది. కొండ మీద నిర్ణయాలు తీసుకోవాలంటే ఎయిరీ (ఏఐఏఆర్‌ఈ) సంస్థ లెవెల్ 1 కోర్సు, 24 గంటలది, మూడు రోజులు పడుతుంది. రెస్క్యూ కోర్సు ఒక రోజు. ముందు ఏది అని అడిగేవాళ్ళకి రెస్క్యూనే ముందు చేయమని చెప్తాం.

తిరిగొచ్చాక అబ్జర్వేషన్ పంపండి. నిపుణులే పంపాలన్న నియమం లేదు. తేదీ, సమయం, చోటు, ఎత్తు, వాలు దిక్కు, ఒక ఫోటో. పగుళ్ళు కనపడలేదు, చప్పుడు వినపడలేదు అన్నది కూడా సమాచారమే. ఫోటోలో ఎక్కడైనా తెగిన అంచు ఉంటే పక్కన మనిషో స్కీ కర్రో ఉండేలా దూరం నుంచి తీయండి, మందం అంచనా వేయడానికి అది కావాలి. తీయడానికి ఆ వాలు కిందికి మాత్రం వెళ్ళకండి.